బాబుకి హెచ్. పైలోరీ మళ్లీ వచ్చింది, ఇంట్లో అందరం టెస్ట్ చేయించుకోవాలా?

మా బాబుకి తొమ్మిదేళ్లు. పోయినేడాది కడుపునొప్పి, వాంతులు తగ్గకపోతే ఎండోస్కోపీ చేసి, చిన్న అల్సర్ ఉందని, హెచ్. పైలోరీ బ్యాక్టీరియా వల్లేనని చెప్పారు. అమాక్సిసిలిన్, క్లారిథ్రోమైసిన్, యాసిడ్ తగ్గించే మందు కలిపి 14 రోజులు వాడాం. వాడి చేత ఆ మందులు మింగించడం ఎంత యుద్ధమో పిల్లలున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అయినా ఒక్క డోసూ పోనివ్వలేదు. తర్వాత మల పరీక్షలో నెగటివ్ వచ్చింది, హమ్మయ్య అనుకున్నాం. ఇప్పుడు మళ్లీ పొట్ట పైభాగంలో నొప్పి అంటున్నాడు, అన్నం సగంలో వదిలేస్తున్నాడు. అదే పరీక్ష చేయిస్తే పాజిటివ్.

క్రిమి క్లారిథ్రోమైసిన్‌కి లొంగక కొంచెం మిగిలిపోయి ఉండొచ్చు, లేదా ఇంట్లో ఎవరి నుంచైనా కొత్తగా అంటుకుని ఉండొచ్చు అంటున్నారు డాక్టర్ గారు. మా అత్తగారికి ఏళ్లుగా గ్యాస్ ట్రబుల్. వాడికి ముద్దలు కలిపి పెట్టేది ఆవిడే. టెస్ట్ చేయించుకోమంటే "నా వల్లే వచ్చిందంటావా" అని నొచ్చుకుంటారేమోనని నా టెన్షన్. మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఎలా చెప్పారు? అందరికీ ఒకేసారి మందులు వాడారా?

ఇంకోటి, రెండో కోర్సుకి ముందు మళ్లీ ఎండోస్కోపీ చేసి, ముక్క తీసి కల్చర్‌కి పంపి, ఏ మందు పనిచేస్తుందో చూశాక మొదలుపెట్టినవాళ్లు ఉన్నారా? విజయవాడలోగానీ హైదరాబాద్‌లోగానీ పిల్లలకి ఇది ఎక్కడ చేస్తారు?

రక్తపరీక్ష సలహా మాత్రం ఇవ్వకండి. జబ్బు తగ్గాక కూడా యాంటీబాడీలు చాలాకాలం ఉండిపోతాయట. వెల్లుల్లి చిట్కాలు కూడా వద్దు, ప్లీజ్.