పాత రేకుల మీదే సోలార్ పెట్టేయాలా, ముందు కప్పు మార్చాలా?

వానచుక్క

మా ఇంటి మీద ఇనుప రేకులు వేసి 18 ఏళ్లయింది. రెండు వాలుల కప్పు, కింద ఇనుప పర్లిన్లు, అంటే రేకులు ఆనే అడ్డ కమ్మీలు. గట్టి వాన పడినప్పుడు కొప్పుకు కాస్త దిగువన ఒకచోట చుక్క చుక్కగా కురుస్తుంది. మిగతాదంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. 4 కిలోవాట్ల సోలార్ పెట్టించాలని ఇద్దరిని పిలిచాను. సోలార్ మనిషి కింద నిలబడే చూసి, "ఇంకో ఏడేళ్లకు ఢోకా లేదు, ఆ ఒక్కచోట సీలెంటు పూస్తే చాలు" అన్నాడు. రేకుల మేస్త్రి పైకెక్కి చూసి, ముందు కప్పంతా మార్చమన్నాడు. ఎవరి బేరం వాళ్లది కాబట్టి ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. రెండూ ఒకేసారి చేయించడానికి డబ్బు చాలదు. ఇప్పుడు ప్యానెళ్లు బిగించేసి, కప్పు పాడైన నాడు దించి మార్చుకుంటే తప్పేమిటి?

నీలిపలక

తప్పేమీ లేదు, నేను చేసింది అదే. మాకు తొమ్మిదో ఏట కప్పు మార్చాల్సి వచ్చింది. దించడానికి ఒక రోజు, రేకులు వేయడానికి వారం, ఎక్కించడానికి రెండు రోజులు, మధ్యలో వాన వల్ల ఒక రోజు వృథా. మొత్తం 11 రోజులు. మాది 5 కిలోవాట్లు. రోజుకు 20 యూనిట్ల లెక్కన 220 యూనిట్లు పోయాయి. అదే కప్పు పాడయ్యేదాకా ఆగి ఉంటే తొమ్మిదేళ్ల కరెంటు పోయేది. అంటే 60 వేల యూనిట్లకు పైమాటే. పైగా ప్యానెళ్ల నీడలో ఉన్న రేకు ఎండకు మాడదు. కప్పు మీద గొడుగు వేసినట్టే కదా.

లెక్కలపుస్తకం

నీలిపలక గారూ, పోలిక తప్పు. ఆయన ముందున్న దారులు "ఇప్పుడా, తొమ్మిదేళ్ల తర్వాతా" అన్నవి కావు. ఈ ఏడాది కప్పు, వచ్చే ఏడాది సోలార్ అనుకుంటే పోయేది ఒక్క ఏడాది ఉత్పత్తి. ఎండ బాగా కాసేచోట కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వేసుకుందాం. 4 కిలోవాట్లకు ఏడాదికి 5,840 యూనిట్లు. ఆ ఆలస్యం ఖరీదు అంతే.

ఇక రెండో వైపు. ఆ రేకులు మొత్తం 25 ఏళ్లు వస్తాయనుకుంటే మిగిలినవి ఏడేళ్లు. ఇప్పుడే మారిస్తే కప్పు ఖర్చులో 25కి 7 వంతులు, అంటే 28 శాతం నీళ్లపాలైనట్టు. ఇప్పుడు మార్చకపోతే ఏడేళ్ల తర్వాత ప్యానెళ్లు దించే కూలి, ఎక్కించే కూలి, పోయిన సామాను ఖర్చు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. దించి ఎక్కించడానికి ఎంతవుతుందో ఆ సోలార్ మనిషినే ఇప్పుడు కాగితం మీద రాసిమ్మనండి. మాటతో చెప్పే అంకె ఒకటి, సంతకం పెట్టే అంకె ఇంకొకటి ఉంటుంది.

ప్యానెళ్ల ఆయుష్షు 25 ఏళ్లు దాటుతుంది, వాటి కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ మధ్యలో ఒకసారైనా మారుతుంది. ఇన్వర్టర్ గోడకు ఉంటుంది కాబట్టి బాధ లేదు. ప్యానెళ్ల కింద ఉన్నది వాటికంటే ముందు పోకూడదు, అంతే.

కప్పుమేస్త్రి

ఇరవై రెండేళ్లుగా రేకుల పని చేస్తున్నాను. నాదీ బేరమే అనుకోండి, అయినా చెబుతాను.

కింద నిలబడి రేకు ఆయుష్షు చెప్పేవాడిని నమ్మకండి. రేకు కంటే ముందు పోయేది స్క్రూ కింద ఉండే రబ్బరు వాషర్. ఎండకు అది గట్టిపడి, బీటలు వారి, పొడిపొడిగా రాలుతుంది. కొప్పు దగ్గర ఒకటి, నడుమ ఒకటి, చూరు దగ్గర ఒకటి స్క్రూలు విప్పించి వాషర్‌ను గోటితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి దిగి మళ్లీ పైకి లేస్తే ప్రాణం ఉన్నట్టు. పెంకులా విరిగితే ఆ కప్పు మీద ఉన్న స్క్రూల్లో చాలావరకు అలాగే ఉన్నాయని లెక్క. మీకు ఒక్కచోట కురుస్తోందంటే అక్కడ మొదలైంది, అంతే. తర్వాత లోపలికి వెళ్లి, పర్లిన్‌కు రేకు ఆనే చోట టార్చి వేసి చూడండి. పైన మెరిసే రేకు కింద తుప్పు పొరలు పొరలుగా లేస్తుంటుంది. స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. పెచ్చు రాలి లోపల ఇనుము తగిలితే పర్వాలేదు. మొన దిగబడితే దాని మీద ప్యానెలు కాదు, పిల్లిని కూడా నడవనివ్వకండి.

నీలిపలక గారి గొడుగు మాట సగం నిజం. ఎండ తగలదు, కానీ గాలి కూడా సరిగ్గా ఆడదు. ఆకులు, పక్షి గూళ్లు, దుమ్ము అన్నీ ప్యానెళ్లను మోసే రైలు కమ్మీకి అడ్డంపడి ఆగుతాయి. వాన వెలిసిన మూడో రోజు కూడా అక్కడ తడి ఉండటం నా కళ్లతో చూశాను. ప్యానెళ్లు దించినప్పుడు తుప్పు గీత రైలు వెంబడే కనిపిస్తుంది, గీసినట్టు.

ఇంకో మాట. సీలెంటు మందు కాదు, కట్టు. కొన్నేళ్లకు ఊడుతుంది. ప్యానెలు కింద ఊడితే పూయడానికి చెయ్యి పట్టదు.

వానచుక్క

కృతజ్ఞతలు. రేపు నిచ్చెన వేస్తాను. ఎండ పడే వాలు ఒక్కటే మార్చి, రెండో వాలు అలాగే ఉంచితే కుదరదా? ప్యానెళ్లు ఎలాగూ అటే వస్తాయి.

కప్పుమేస్త్రి

కుదురుతుంది. కానీ కొప్పు నుంచి చూరు దాకా ఆ వాలు మొత్తం మార్చాలి. ప్యానెళ్లు పడేంత మేర మాత్రం ముక్క కోసి వేయమంటే నేనైతే ఒప్పుకోను. పాత రేకు ఉబ్బు, కొత్త రేకు ఉబ్బు ఒకదాని మీద ఒకటి కూర్చోవు, ఆ సందులోంచి నీళ్లు దిగుతాయి. వాలు మొత్తం మారిస్తే పాతదీ కొత్తదీ కలిసే చోటు కొప్పు ఒక్కటే. దాని మీద ఎలాగూ కొప్పు రేకు మూత పడుతుంది.

డాబా

మాది సిమెంటు శ్లాబు. మీ గొడవ మాకు లేదనుకున్నాను. రంధ్రాలు వద్దని సిమెంటు దిమ్మెల బరువు మీదే ప్యానెళ్ల స్టాండు నిలబెట్టించాను. నాలుగో ఏట దిమ్మె కింద చెమ్మ దిగింది. వాటర్‌ప్రూఫింగ్ వేద్దామంటే దిమ్మె కదపాలి, దిమ్మె కదపాలంటే ప్యానెళ్లు విప్పాలి. శ్లాబు ఉన్నవాళ్లు ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, దాని మీద నీళ్లు నిలబెట్టి చూసి, ఆ తర్వాతే స్టాండు పెట్టించాలి. దిమ్మెలు శ్లాబుతో కలిపి పోసేటట్టయితే పూత దిమ్మె పక్కలకు కూడా ఎక్కాలి. స్టాండు మనిషి దూరేంత ఎత్తులో ఉంటే మళ్లీ పూత వేసుకోవచ్చు. అయితే ఎత్తు పెరిగేకొద్దీ గాలి లాగుడూ పెరుగుతుంది, కాబట్టి బరువు లెక్క ఇంజినీరుతో చూపించుకోండి.

తీగపని

కరెంటు వైపు నుంచి ఒక హెచ్చరిక. దించి ఎక్కించడం రేకుల కూలీల పని కాదు. మెయిన్ ఆపేసినా ప్యానెళ్లు ఆగవు. వెలుగు పడినంతసేపు తీగలో వోల్టేజి ఉంటుంది. ఎనిమిది ప్యానెళ్లు వరుసగా కలిపితే మూడు వందల వోల్టులు దాటడం మామూలే. కరెంటు పారుతుండగా కనెక్టరు లాగితే నిప్పు రవ్వ సాగుతుంది. ఒకే దిశలో పారే డీసీ కరెంటు కదా, ఇంట్లో వాడే ఏసీ కరెంటులా ఆ రవ్వ తనంతట తాను తొందరగా ఆరదు. ముందు ఇన్వర్టర్, తర్వాత డీసీ స్విచ్చి ఆపి, తీగలో కరెంటు పారడం లేదని మీటరుతో చూసుకున్నాకే కనెక్టరు ముట్టుకోవాలి. తిరిగి కలిపేటప్పుడు ఒక కంపెనీ కనెక్టరును ఇంకో కంపెనీ కనెక్టరులో దూర్చకండి. చూడటానికి పట్టినట్టే ఉంటుంది, లోపల సరిగా ఆనక వేడెక్కి కరుగుతుంది.

కప్పు మారుస్తుంటే తీగలు కిందికి దిగే దారి కూడా అప్పుడే పెట్టించండి. తర్వాత కొత్త రేకుకు ఇంకో రంధ్రం పొడవక్కర్లేదు.

నీలిపలక

తీగపని గారి పోస్టు చదివాక దాచుకోవడం బాగుండదు. నా 11 రోజుల కథలో చెప్పనివి కొన్ని ఉన్నాయి. బోల్టుల్లో సగం పట్టేసి, కోసి తీయాల్సి వచ్చింది. దించేటప్పుడు ఒక ప్యానెలు మూల నేలకు తగిలి అద్దం పగిలింది. అదే రకం కోసం వెతికితే ఆ నమూనా తయారీయే ఆగిపోయింది. నా పాత ప్యానెళ్ల ఫ్రేము 40 మిల్లీమీటర్లు, దొరికిన కొత్తది 35. ఒకే క్లాంపు రెండు పక్కలా సమంగా పట్టదు కాబట్టి ఆ ఒక్కదాన్ని వరుస చివరన వేసి దానికి వేరే క్లాంపులు పెట్టారు. ఇప్పటికీ మెట్లు ఎక్కిన ప్రతిసారీ నా కన్ను అక్కడికే పోతుంది.

అయినా నా మాట మార్చుకోను. కప్పు నిజంగా పదేళ్లకు పైగా వచ్చేదైతే ముందే పీకి పారేయడం దుబారా.

తడిగోడ

అందరూ ఏళ్ల లెక్కే వేస్తున్నారు. నాకు తగిలిన దెబ్బ వేరు. మా కప్పు కొత్తది, రెండేళ్లు కూడా నిండలేదు. అప్పుడు సోలార్ పెట్టించాను. మొదటి వానకే పడకగది గోడ తడిసింది. రేకులు వేసినవాడిని పిలిస్తే, "నా రేకుకు రంధ్రం పొడిచింది వాళ్లు, నా గ్యారంటీ అక్కడితో సరి" అన్నాడు. సోలార్ వాళ్లు "మా బ్రాకెట్లు బాగున్నాయి, రేకుల అతుకులో కురుస్తోంది" అన్నారు. తిలాపాపం తలా పిడికెడు. నెల రోజులు ఇద్దరి మధ్య తిరిగాను.

చివరికి మేమే పట్టుకున్నాం. ఒకరు పైన నీళ్ల పైపుతో, ఒకరు కింద అటక మీద టార్చితో. చూరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో వరుస పది నిమిషాలు తడిపి, తర్వాత పైవరుసకు పోవాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లా పారి ఏమీ తేలదు. రెండో వరుసలో మూడో బ్రాకెట్ తడిపినప్పుడు చుక్క పడింది. రేకు ఉబ్బు మీద పొడవాల్సిన రంధ్రం పల్లంలో పొడిచారు, నీళ్లు పారే కాలువలో. దాని మీద సీలెంటు కుప్ప పోసి ఉంది, ఇడ్డెనంత.

అందుకని నా సలహా: కప్పు పాతదా కొత్తదా అన్నది తర్వాత. ఆ రంధ్రానికి పూచీ ఎవరిదో ముందు తేల్చుకోండి.

లెక్కలపుస్తకం

ఒప్పుకుంటున్నాను. నా 28 శాతం లెక్కలో ఈ గడి లేదు.

నీలిపలక

అలాగైతే రెండు పనులూ ఒక్కరికే ఇచ్చేయడం మేలు కదా?

తడిగోడ

ఆ ఒక్కరు రేకుల పని ఇంకొకరికి అప్పగిస్తే మళ్లీ మొదటికే వస్తాం. బ్రాకెట్లు ఎక్కడ రావాలో సోలార్ వాళ్లు సున్నంతో గుర్తు పెట్టాలి. రంధ్రం పొడిచి, బ్రాకెట్ బిగించి, వాషర్ వేసేది రేకుల మేస్త్రి. ఇద్దరూ ఒకే రోజు కప్పు మీద ఉండాలి, ఇద్దరి సంతకం ఒకే కాగితం మీద ఉండాలి. మళ్లీ చేయించినప్పుడు ఇలాగే చేయించాను. ఒప్పించడానికి గొంతు పోయింది.

కప్పుమేస్త్రి

గుర్తు పెట్టేటప్పుడు పర్లిన్ మీదికి వచ్చేలా పెట్టమనండి. వట్టి రేకుకే బిగిస్తే పెనుగాలికి రేకుతో సహా లేస్తుంది. మడత అంచుల రేకులైతే ఈ తలనొప్పే లేదు, అంచును పట్టే క్లాంపులు వస్తాయి, రంధ్రమే అక్కర్లేదు. మీరు కొత్తవి వేయించేటట్టయితే ఆ రకం ధర కూడా ఒకసారి అడిగి చూడండి.

వానచుక్క

ఇవాళ ఎక్కాను. కొప్పు దగ్గర వాషర్ చేతిలోనే పొడి అయింది. నడుమది గట్టిపడింది, చూరు దగ్గరది ఇంకా మెత్తగానే ఉంది. లోపలికి వెళ్లి పొడిచి చూస్తే కొప్పు పక్కనున్న పర్లిన్లలో రెండింటికి మొన దిగబడింది. ఆ ఏడేళ్ల మాట చెప్పిన సోలార్ మనిషికి ఫోటో పంపాను. "సరేలెండి, ఆ రెండూ వదిలి కింది పర్లిన్లకు బిగిద్దాం" అన్నాడు. ఇక అతనితో మాట్లాడలేదు.

ఎండ పడే వాలు మొత్తం, ఆ రెండు పర్లిన్లు ఇప్పుడు మార్పిస్తున్నాను. మడత రేకుల ధర అడిగాను, చేతికి అందేలా లేదు. రెండో వాలుకు వాషర్లు, స్క్రూలు మాత్రమే. డబ్బు సర్దుకున్నాక, బహుశా పది నెలల్లో, సోలార్. అప్పుడు ఇదే మేస్త్రి వచ్చి బ్రాకెట్లు బిగిస్తానని రాసిచ్చాడు.

నీలిపలక

మంచిది. కొనేటప్పుడు ఒక ప్యానెలు, నాలుగు క్లాంపులు అదనంగా కొని ఇంట్లో దాచుకోండి. నా 35 మిల్లీమీటర్ల కథ మీకు వద్దు.

కప్పుమేస్త్రి

రంధ్రాలు పొడిచిన రోజు సాయంత్రమే డ్రిల్లు పొట్టు మెత్తటి బ్రష్షుతో ఊడ్పించండి. ఒక్క రాత్రి మంచుకే అది తుప్పుపట్టి కొత్త రేకు మీద చుక్కలు చుక్కలుగా మరక పడుతుంది. తర్వాత మీరు నాకే ఫోన్ చేసి, రేకు నాసిరకమని తిడతారు.