అప్‌డేట్: యూజీసీ డ్రాఫ్ట్ రూల్స్ మీద అభ్యంతరం పంపిన

2025 జనవరి 6న యూజీసీ (యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) పెట్టిన డ్రాఫ్ట్ రెగ్యులేషన్స్ మీద, అదే లెక్చరర్ల నియామకాలు, వీసీల (వైస్ ఛాన్సలర్ల) ఎంపికది, మా అసోంటి పార్ట్‌టైమ్ లెక్చరర్లు కూడా అభ్యంతరం పంపొచ్చా అని అడిగిన గదా, పంపిన. అందరికీ థ్యాంక్స్. నోటీసుల ఉన్న మెయిల్ ఐడీకే డైరెక్ట్‌గా పంపుమని ఒకన్న చెప్పిన మాటే కరెక్టు, నోటరీ, ప్రిన్సిపాల్ సంతకం ఏవీ అక్కర్లే.

హన్మకొండల మా రిటైర్డ్ ప్రొఫెసర్ సార్‌కు చూపిస్తే సగం కొట్టేసిన్రు, "నీ బాధలెవరు సదువుతరు రా, క్లాజ్ నంబర్ ఎయ్యి, ఏ మాట తీసెయ్యాలె, దాని జాగల ఏం పెట్టాలె, గంతే రాయి" అన్నరు. డ్రాఫ్ట్ ప్రకారం వీసీని ఎంపిక చేసే సెర్చ్ కమిటీల ఛాన్సలర్ (మామూలుగా గవర్నర్) తరఫున ఒకరు, యూజీసీ ఛైర్మన్ తరఫున ఒకరు, యూనివర్సిటీ తరఫున ఒకరు, రాష్ట్ర సర్కారు మనిషే లేడు, గదే రాసిన. ఫిబ్రవరి 5 గడువు 28 దాకా పొడిగించిన్రు కాబట్టి నాది లోపలనే పడ్డది. జవాబైతే రాలే.