కీళ్లు మరీ వదులుగా ఉన్నవాళ్లు ఏ వ్యాయామం చేయాలి? యోగా మానేయాలా?

కృష్ణలంక_అడుగులు అడిగారు:

నాకు 27. చిన్నప్పుడు విజయవాడలో కూచిపూడి నేర్చుకున్నా. ఎటు వంచితే అటు వంగే ఒళ్లని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంటి నుంచే ఉద్యోగం. సాయంత్రానికి మోకాళ్లు, మణికట్లు, మెడ ఒకటే నొప్పి. మెట్లు దిగుతుంటే చీలమండ మడతపడుతుంది. మొన్న దండెం మీద దుప్పటి ఆరేస్తుంటే గూడ జారినట్టయి, దానంతటదే కూర్చుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఎముకల డాక్టర్ గారు చిటికెనవేళ్లు, బొటనవేళ్లు, మోచేతులు, మోకాళ్లు ఎంత వెనక్కి వెళ్తాయో చూశారు. తర్వాత మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకి ఆనించమన్నారు. కీళ్ల వదులు కొలిచే బేటన్ స్కోరు 9కి 7 అట. "హైపర్‌మొబిలిటీ, అంటే కీళ్లు మరీ వదులు, కండబలం పెంచుకో" అన్నారు. ఎలాగో చెప్పేలోపే తర్వాతి పేషెంట్ వచ్చేశారు.

యోగా టీచర్ గారేమో "నీకు ఇంకా వస్తుంది, వంచు" అంటారు. తమాషా ఏంటంటే, ఇంత వంగే నాకే తొడల వెనక, మెడలో ఎప్పుడూ పట్టేసినట్టు ఉంటుంది. సాగదీస్తే కాసేపు హాయి, తర్వాత మళ్లీ అంతే. అమ్మ మాత్రం "కూర్చుని కూర్చుని అలా అయింది, నడువు" అంటుంది. నడిస్తే నడుం నొప్పి. ఏం చేయను?

వరంగల్_ఫిజియో:

అమ్మా, ఆ పట్టేసినట్టు ఉండటంలోనే అసలు సంగతి ఉంది. కీలుని పట్టి ఉంచాల్సిన లిగమెంట్లు నీకు వదులు. ఆ పని కూడా కండరాలే రోజంతా చేస్తున్నాయి, అందుకే బిగుసుకుంటాయి. వాటిని ఇంకా సాగదీస్తే కీలుకి ఉన్న కాస్త ఆసరా కూడా పోతుంది. నీకు కావాల్సింది బలం. దానితోపాటు, కీలు ఏ కోణంలో ఉందో ఒంటికి తెలియడం. హైపర్‌మొబిలిటీ ఉన్న చాలామందిలో ఈ ఎరుక తక్కువగా ఉంటుంది, చీలమండ మడతపడటానికి అదీ ఒక కారణం. వ్యాయామాలు అద్దం ముందు చేయమనేది ఇందుకే.

యోగా మానక్కర్లేదు. ఎంత దూరం వెళ్తుందో అంత దూరం వెళ్లకు, అంతే. సూర్యనమస్కారంలో చేతుల మీద బరువు పడినప్పుడు మోచేతులు వెనక్కి విరిగినట్టు నిలబెట్టకుండా కొంచెం వంచి ఉంచు. పాదహస్తాసనంలో అరచేతులు నేలకి ఆనించడం నీకు గొప్ప కాదు, మోకాళ్ల దగ్గరే ఆగు.

మొదట ఇవి చెయ్యి: మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని కిందికి నొక్కి 5 సెకన్లు ఆపడం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి నడుం పైకెత్తడం. గోడకి చేతులు ఆనించి పుషప్స్. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి, నెమ్మదిగా దించడం. దించేటప్పుడే తొందరపడతారు అందరూ, అక్కడే లాభం పోతుంది. అరమండి (నాట్యంలో మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ) నీకు వచ్చు కదా, సగం లోతులో గోడకి వీపు ఆనించి చెయ్యి. మోకాలు పాదం వైపే చూడాలి, తిప్పడం తుంటి నుంచే జరగాలి. కాళ్లు నేలకి కొట్టే నాట్యపు అడుగులు, గెంతులు ఇప్పుడే వద్దు. ముందు సార్లు పెంచు, బరువులు తర్వాత. మర్నాడు మామూలు కంటే నొప్పి ఎక్కువుంటే తగ్గించు, పూర్తిగా మానకు. మంచం పడితే ఉన్న కండ కూడా కరుగుతుంది. కుదిరితే ఒక్కసారైనా దగ్గర్లో ఫిజియోకి చూపించుకో, గూడకి ఏది పనికొస్తుందో చేత్తో పట్టి చూస్తేనే తెలుస్తుంది.

అనంతపురం_మేష్టారు:

నాదీ ఇదే బాపతు తల్లీ. వ్యాయామం అరగంటే, మిగతా రోజంతా మనం ఎలా నిలబడతామన్నది ఎవరూ అడగరు. బోర్డు ముందు పాఠం చెప్పేటప్పుడు మోకాళ్లు వెనక్కి తాళం వేసి నిలబడేవాణ్ని. ఫిజియో చెప్పాక కాస్త సడలించి, రెండు పాదాల మీదా బరువు వేసి నిలబడుతున్నా. మొదట్లో కొత్తగా, కాస్త ఎబ్బెట్టుగా కూడా అనిపించింది, పిల్లలు నవ్వారు.

బస్సులో పైన వేలాడే పిడి పట్టుకోకు, కుదుపుకి గూడ పోతుంది. సీటు పక్క కడ్డీ ఛాతీ ఎత్తులో పట్టుకో. 20 లీటర్ల నీళ్ల క్యాను నువ్వు ఎత్తకు, తెచ్చినవాళ్లనే స్టాండు మీద పెట్టమను. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు. కింద కూర్చుంటే పాదాలు రెండు పక్కలా పడేసి, మధ్యలో పిరుదులు ఆనించి కూర్చునే అలవాటుంటే మానుకో. నడకకి స్లిప్పర్లు పనికిరావు, మడమ గట్టిగా పట్టే బూట్లు చూసుకో. మీ అమ్మగారు నడవమన్నది నిజమే, కాకపోతే నడుం నొప్పి మొదలయ్యే ముందే ఇంటికి తిరగాలి.

కృష్ణలంక_అడుగులు:

మేష్టారూ, ఆ కూర్చోవడం గురించి మీకెలా తెలిసిందండీ! ఇప్పుడూ అలాగే కూర్చుని టైప్ చేస్తున్నా. ఇంకొకటి. పొద్దున మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి గుండె దడదడ. అది కూడా దీనివల్లేనా?

వరంగల్_ఫిజియో:

కీళ్లు వదులున్న కొందరిలో ఇది కనిపిస్తుంది, కానీ రక్తం తక్కువున్నా, థైరాయిడ్ ఉన్నా ఇలాగే ఉంటుంది. అందుకే ఫిజీషియన్ గారికి చెప్పు. పడుకున్నప్పుడూ నిలబడ్డాకా బీపీ, నాడి రెండూ చూస్తారు. ఉప్పు ఎక్కువ తినమని ఎవరైనా అంటే డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకు. అప్పటిదాకా పడుకుని, కూర్చుని చేసేవే చెయ్యి. ఇంట్లో ఎవరికైనా బాగా పొడవు, సన్నని పొడుగు వేళ్లు, కంటి లెన్స్ జారడం, గుండె రక్తనాళం జబ్బు ఉంటే అదీ చెప్పు, ఎకో (గుండె స్కాన్) తీయించాల్సి రావచ్చు.

గూడ ఈసారి జారి కూర్చోకపోతే లాగనివ్వకు, కట్లు కట్టేవాళ్ల దగ్గరికీ వద్దు. చెయ్యి గుడ్డతో ఒంటికి కట్టేసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లు.