పాత బీ450 బోర్డు మీదే కొత్త గ్రాఫిక్స్ కార్డా, లేక బోర్డుతో సహా మార్చాలా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఉంటాను. ఇంట్లో బీ450 మదర్‌బోర్డు, రైజెన్ 5 2600 ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 4 జీబీ మెమరీ గల పాత గ్రాఫిక్స్ కార్డుతో ఒక పీసీ ఉంది. ఇటీవల 27 అంగుళాల 1440పీ (2560×1440 చుక్కల) మానిటర్ కొన్నాక ఆ కార్డు కొత్త ఆటలు వేటికీ సరిపోవడం లేదు. దుకాణంలో అడిగితే ఎక్స్870 బోర్డు, రైజెన్ 5 9600ఎక్స్, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్, 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 కార్డు అని కొటేషన్ రాసిచ్చారు. బోర్డు మంచిది పడితే కార్డు ఎప్పుడైనా మార్చుకోవచ్చన్నది వారి వాదన. వినడానికి సబబుగానే ఉంది కానీ, బోర్డు, ర్యామ్ కలిపితే కార్డు ధరను దాటిపోవడం నాకు మింగుడుపడడం లేదు. నేను ఆడేవి పెద్ద కథల ఆటలు, మా తమ్ముడు ఆడేది వాలరెంట్ అనే షూటింగ్ ఆట. ఇలాంటి స్థితిలో మీరెవరైనా ఏం చేశారో చెప్పగలరు.

ఫ్రేమ్‌రేటు:
కృష్ణాతీరం గారూ, ముందుగా ఆ కొటేషన్ సంగతి చూద్దాం. ఒకే ప్రాసెసర్‌ను చవకైన బీ650 బోర్డులో పెట్టినా, ఖరీదైన ఎక్స్870లో పెట్టినా ఆటలో సెకనుకు వచ్చే ఫ్రేముల్లో (తెర మీది చిత్రాల సంఖ్యలో) చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఎక్స్870లో యూఎస్‌బీ4 తప్పనిసరిగా ఉంటుంది, గ్రాఫిక్స్ స్లాటుకూ, ఎస్ఎస్‌డీ పెట్టే ఒక ఎం.2 స్లాటుకూ పీసీఐఈ (కార్డుకూ పీసీకీ మధ్య డేటా దారి) 5.0 ఉంటుంది. మీరు చెప్పిన వాడకంలో వీటిలో ఏదీ అక్కరకు రాదు. పైగా అంత బోర్డు మీద 8 జీబీ కార్డు పెట్టి 1440పీ మానిటర్‌కు తగిలించడం తలకిందుల లెక్క. పెద్ద ఆటల్లో టెక్స్చర్ల (గోడలు, నేల వంటి వాటి మీద కనిపించే బొమ్మల) నాణ్యత పెంచి, దాని మీద రే ట్రేసింగ్ (నిజమైన వెలుగునీడల లెక్క), ఫ్రేమ్ జనరేషన్ (మధ్య ఫ్రేములను కార్డే కల్పించడం) కూడా వేస్తే 8 జీబీ నిండిపోవడం ఇప్పుడు మామూలు విషయం. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీలోనూ, ఆర్‌టీఎక్స్ 5060 టీఐలోనూ 8 జీబీ, 16 జీబీ రకాలు రెండూ ఉన్నాయి. 2025లో అవి విడుదలైనప్పుడు రెండు రకాల మధ్య అమెరికా ధరలో తేడా 50 డాలర్లు మాత్రమే. చిప్ ఒకటే కాబట్టి ఆ తేడా భరించగలిగినవారు 8 జీబీ రకం వైపు చూడనవసరం లేదని నా అభిప్రాయం. పెట్టె మీద పేరు ఒకేలా ఉంటుంది కనుక, బిల్లులో 16 జీబీ అని స్పష్టంగా రాయించుకోండి.

పాతబోర్డు:
పై మాటతో ఏకీభవిస్తూనే, బీ450 వాడుతున్న మనిషిగా ఒక విషయం చేర్చాలి. కార్డు కొనేటప్పుడు అందరూ మెమరీ ఎంతో చూస్తారు కానీ, ఆ కార్డుకు ఎన్ని లేన్లు (పీసీఐఈలో డేటా నడిచే వరుసలు) ఉన్నాయో చూసేవారు తక్కువ. ఆర్‌టీఎక్స్ 4060, 5060, 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 6600, 7600, ఇంటెల్ ఆర్క్ బీ580, ఇవన్నీ ఎనిమిది లేన్ల కార్డులు. చూడడానికి కనెక్టరు పదహారు లేన్ల పొడవునే ఉన్నా, పనిచేసేది సగమే. పీసీఐఈ 4.0 బోర్డు మీద ఎనిమిది లేన్లు సెకనుకు దాదాపు 16 జీబీ మోస్తాయి కాబట్టి ఇబ్బంది తెలియదు. బీ450 మాత్రం పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోయిన బోర్డు, అక్కడ అవే ఎనిమిది లేన్లు సెకనుకు దాదాపు 8 జీబీ మాత్రమే మోస్తాయి.

కార్డులోని మెమరీ సరిపోయినంతసేపు ఈ తేడా పెద్దగా కనబడదు. అది నిండిన క్షణం నుంచి మిగిలిన టెక్స్చర్లు ర్యామ్ నుంచి ఈ దారి గుండానే రావాలి, అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. నా దగ్గర 8 జీబీ, ఎనిమిది లేన్ల కార్డు ఉన్నప్పుడు సగటు ఫ్రేములు బాగానే కనిపించేవి. కానీ ఆటలో వీధి మలుపు తిరగగానే ఎదురుగా ఉన్న గోడ ముద్దగా, అలికినట్టు కనిపించి, ఒక్క క్షణం తెర ఆగి, ఆ తరువాత ఇటుకలు విడివిడిగా తేలేవి. ఆ కుదుపు సగటు అంకెలో కనబడదు, ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయాన్ని చూపే ఫ్రేమ్‌టైమ్ గీతలో కొండలా లేస్తుంది.

మీ పీసీలో కార్డు ఏ వేగంతో నడుస్తోందో కార్డు వివరాలు చూపే జీపీయూ-జడ్ అనే ప్రోగ్రాంలో బస్ ఇంటర్‌ఫేస్ అన్న వరుస చెబుతుంది. ఊరికే ఉన్నప్పుడు కరెంటు పొదుపు కోసం అది 1.1కు పడిపోయి కనిపిస్తుంది కాబట్టి కంగారు పడవద్దు. పక్కనున్న ప్రశ్నార్థకం గుర్తు నొక్కి రెండర్ టెస్టు నడిపితే అసలు వేగం కనిపిస్తుంది.

సాల్డర్‌గన్:
సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ ప్రాంతంలో పీసీలు బిగించే పనిలో ఉన్నాను. బోర్డు దగ్గర డబ్బు ఎక్కడ తగ్గించవచ్చో, ఎక్కడ తగ్గించకూడదో రోజూ చూసే విషయం కనుక రాస్తున్నాను.

65 వాట్ల ప్రాసెసర్‌కు, అంటే రైజెన్ 5 7500ఎఫ్, 7600 వంటి వాటికి, మంచి ఏ620 బోర్డు కూడా సరిపోతుంది. ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను నిర్ణీత వేగాన్ని మించి నడపడం) ఉండదు కానీ, ర్యామ్‌ను దాని పెట్టె మీది వేగంతో నడిపే ఎక్స్‌పో అమరిక అందులోనూ పెట్టుకోవచ్చు. ఎనిమిది కోర్లు, అంతకంటే పెద్ద ప్రాసెసర్ తరువాత వేద్దామనుకునేవారు మాత్రం బోర్డులో ప్రాసెసర్‌కు కరెంటు సర్దే వీఆర్‌ఎం భాగం మీద నిజమైన హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మె) ఉందో లేదో చూడాలి. ఎండాకాలంలో బయట 43, 44 డిగ్రీలు ఉంటే, ఏసీ లేని గదిలో కేబినెట్ లోపలికి వెళ్లే గాలే వేడిగాలి. అప్పుడు హీట్‌సింక్ లేని బోర్డు ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తుంది. కొనేవారు కార్డు పాడైందని తీసుకొస్తారు, తీరా చూస్తే తప్పు బోర్డుది.

పేర్లలోని అక్షరాలతో జాగ్రత్త. బీ650ఈ బోర్డులో గ్రాఫిక్స్ స్లాటుకు పీసీఐఈ 5.0 తప్పనిసరి, మామూలు బీ650లో సాధారణంగా 4.0 ఉంటుంది. ఇప్పటి కార్డులకు 4.0 చాలు కనుక ఆ ఒక్క అక్షరానికి ఎక్కువ పెట్టనవసరం లేదు. బీ850, బీ840 మాత్రం అన్నదమ్ములు కావు. బీ840 చిప్‌సెట్ (బోర్డు మీది అనుసంధాన చిప్) ఇచ్చే లేన్లు పీసీఐఈ 3.0 మాత్రమే, ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ కూడా ఉండదు. అలాగే కొత్త బోర్డు కొని అందులో రైజెన్ 5 8500జీ వేసినవారికి గ్రాఫిక్స్ స్లాటుకు నాలుగు లేన్లే అందుతాయి. బోర్డు పెట్టె మీద పదహారు అని రాసి ఉన్నా అవి ప్రాసెసర్ నుంచి రావాలి కదా!

ఇక బయోస్ (పీసీని మొదట మేల్కొలిపే, బోర్డులోని ప్రోగ్రాం) ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు దొరికితే కొంచెం ఎక్కువైనా తీసుకోమంటాను. 2022 నాటి బీ650 బోర్డు పాత స్టాకులోంచి వచ్చి, అందులో రైజెన్ 9000 ప్రాసెసర్ వేస్తే, బయోస్ మార్చేదాకా తెర వెలగకపోవచ్చు. ఆ బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో పని అయిపోతుంది. రైజెన్ 7000, 9000 ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 సాకెట్ బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్లతెరతోనే ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోండి. ఆ సమయంలోనే చాలామంది స్విచ్ కట్టేసి, బోర్డు చచ్చిపోయిందని ఫోన్ చేస్తారు.

మినీటవర్:
ఇంటెల్ మాట ఎవరూ ఎత్తలేదు కనుక నేను ఎత్తుతున్నాను. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో అందరికీ తెలుసు. ఏఎం5కు డీడీఆర్5 తప్ప మార్గం లేదు. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్‌లో మాత్రం డీడీఆర్4 తీసుకునే బీ760 బోర్డులు ఉన్నాయి కనుక, కృష్ణాతీరం గారు తన పాత 16 జీబీ ర్యామ్‌ను అలాగే ఉంచుకుని ఐ5 12400ఎఫ్‌కు మారవచ్చు. 13, 14 తరాల్లో వోల్టేజీ ఎక్కువై ప్రాసెసర్లు దెబ్బతిన్న గొడవ, 2024లో ఇంటెల్ దానికి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) సవరణలు ఇచ్చి వారంటీ పొడిగించిన సంగతి తెలిసినవే, అయితే 12400ఎఫ్ ఉన్న 12వ తరానికి ఆ బాధ లేదు.

ఫ్రేమ్‌రేటు:
మినీటవర్ గారి లెక్క తప్పు కాదు కానీ, ఎల్‌జీఏ1700 ముగిసిపోయిన సాకెట్. 2024 అక్టోబరులోనే ఇంటెల్ ఎల్‌జీఏ1851కి మారిపోయింది. డీడీఆర్4ను కాపాడుకోవడమే ఉద్దేశమైతే కొత్త బోర్డు ఎందుకు? ఉన్న బీ450లోనే రైజెన్ 5 5600 కానీ, దొరికితే 5700ఎక్స్3డీ కానీ కూర్చుంటుంది. అప్పుడు ఖర్చు ప్రాసెసర్‌కూ కార్డుకూ మాత్రమే. ఏఎండీ ఏఎం5 సాకెట్‌కు 2027, ఆ తరువాత కూడా మద్దతు ఉంటుందని ప్రకటించింది కనుక, ర్యామ్ ధరలు దిగాక అటు వెళ్లడానికి వ్యవధి ఉంది.

పాతబోర్డు:
నేను రాద్దామనుకున్నదీ ఇదే. ఆ దారిలో వెళ్తే కార్డు ఎంపిక కూడా దానంతట అదే తేలిపోతుంది. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీకి పూర్తి పదహారు లేన్లు ఉన్నాయి. పీసీఐఈ 3.0 బోర్డులో కూడా దానికి సెకనుకు దాదాపు 16 జీబీ దారి దొరుకుతుంది. అదే బోర్డులో 5060 టీఐకి అందేది అందులో సగం. రే ట్రేసింగ్‌లోనూ, డీఎల్‌ఎస్ఎస్ (చిన్న చిత్రాన్ని ఏఐతో పెంచి ఫ్రేములు పెంచే పద్ధతి) పనిచేసే ఆటల సంఖ్యలోనూ ఎన్‌విడియాది పైచేయి అన్నది నేను కాదనను. కొత్త బోర్డు కొనేవారికి ఆ రెండింటి మధ్య ఎంపిక ఇష్టాన్ని బట్టి ఉంటుంది. బీ450 యజమానికి మాత్రం 16 జీబీ మెమరీ, పదహారు లేన్లు రెండూ ఉన్న కార్డే సరైనది. ఆర్క్ బీ580 12 జీబీ ఇస్తూ చవకగా దొరికినా ఈ పీసీకి వద్దంటాను. దానికి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే ఏర్పాటు) లేకపోతే వేగం బాగా పడిపోతుంది, రైజెన్ 2600 వంటి పాత ప్రాసెసర్ల మీద దాని డ్రైవర్ భారం ఎక్కువని 2025 జనవరిలోనే పరీక్షల్లో తేలింది.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలు. ఎక్స్870 ఆలోచన విరమించుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. మా బావ గారు డాలస్ నుంచి వస్తున్నారు, కార్డు అక్కడ కొని తెమ్మనవచ్చా? మా వీధిలో ఒకరు ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ సెకండ్ హ్యాండ్‌లో ఇస్తామంటున్నారు, అది ఎలాంటిది?

ఓరుగల్లు_పీసీ:
అమెరికా కార్డు విషయంలో ధర ఒక్కటే చూడకండి. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. నేను బయటి నుంచి తెప్పించుకున్న కార్డు ఫ్యాన్ ఆగిపోతే, ఇక్కడి సర్వీస్ సెంటర్ వారు సీరియల్ నంబరు టైపు చేసి చూసి, పెట్టె కూడా విప్పకుండా వెనక్కి ఇచ్చేశారు. కొనే ముందే ఆ కంపెనీకి మెయిల్ రాసి, ఆ సీరియల్‌కు భారతదేశంలో వారంటీ వర్తిస్తుందా అని లిఖితపూర్వకంగా అడిగి పెట్టుకోవడం ఉత్తమం. ఇక్కడి ధరలో 18 శాతం జీఎస్‌టీ ఉంటుందన్నది నిజమే, కానీ దానికి బదులు ఫ్యాన్ ఆగితే వెళ్లడానికి ఒక కౌంటర్ ఉంటుంది.

3060 12 జీబీ గురించి: దానికీ పదహారు లేన్లు ఉన్నాయి, కాబట్టి బీ450కి పొసగని కార్డు కాదు. అయితే 1440పీలో కొత్త ఆటలకు దాని చిప్ శక్తి బొటాబొటీగా ఉంటుంది. 2022 సెప్టెంబరులో ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి, కార్డులతో దాన్ని సంపాదించే మైనింగ్ ఆగిపోయేదాకా ఎడతెరిపి లేకుండా నడిచిన కార్డులు బజారులో ఇంకా తిరుగుతున్నాయి. అమ్మేవారి ఇంట్లోనే అరగంట బరువైన ఆట నడిపించి, వేడి ఎంతవరకు వెళ్తోందో, తెర మీద చుక్కలు, గళ్లు వస్తున్నాయేమో చూడండి. ఫ్యాన్‌ను వేలితో మెల్లగా కదిపితే గరగర వినిపించకూడదు. బిల్లు లేకపోతే బేరం ఆడడం కూడా అనవసరం.

సాల్డర్‌గన్:
కృష్ణాతీరం గారు ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ, రైజెన్ 5 5600 తీసుకునేటట్లయితే పని వరుస తప్పకూడదు. పాత 2600 బోర్డులో ఉండగానే బయోస్ కొత్తదానికి మార్చి, ఆ తరువాతే ప్రాసెసర్ తీయాలి. కొన్ని బీ450 బోర్డుల్లో బయోస్ చిప్ 16 ఎంబీలే ఉండడం వల్ల, కొత్త బయోస్ ఎక్కించాక కొన్ని పాత ప్రాసెసర్లకు మద్దతు తీసేస్తారు. మీ బోర్డు తయారీదారు పేజీలో ఆ వివరం ఉంటుంది, ఒక్కసారి చదవండి. మా దగ్గరికి వచ్చేవారిలో ముందే 5600 వేసి, తెర రాక, 2600ను అమ్మేసి వచ్చినవారు ఉన్నారు.

బయోస్‌లో రీసైజబుల్ బార్, దానికి అవసరమైన ఎబవ్ 4జీ డీకోడింగ్ రెండూ ఆన్ చేసి, పాత పద్ధతి బూట్‌కు వాడే సీఎస్ఎం ఆఫ్ చేయాలి. విండోస్ పాత ఎంబీఆర్ డిస్కు పద్ధతిలో వేసి ఉంటే సీఎస్ఎం తీయగానే బూట్ కాదు. డిస్కును కొత్త జీపీటీ పద్ధతికి మార్చడానికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం ఉంది, డేటా వేరే డ్రైవులో దాచుకుని ఆ తరువాత నడపండి.

ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పెట్టె) సంగతి కూడా చెబుతాను. ఆ కార్డు 160 వాట్లదే, చాలా మోడళ్లకు ఎనిమిది పిన్నుల తీగ ఒకటి చాలు. స్లాటు నుంచి 75, ఆ తీగ నుంచి 150 వాట్లు వస్తాయి కనుక లోటు ఉండదు. మంచి కంపెనీ 550 వాట్ల ఎస్ఎంపీఎస్ హాయిగా సరిపోతుంది. కరెంటు పోతుంటే చూడాల్సింది యూపీఎస్‌ను. 600 వీఏ అని రాసి ఉన్న చాలా యూపీఎస్‌లు ఇచ్చేది 360 వాట్లే, అందులో మానిటర్ కూడా ఉండాలి. ఆట మధ్యలో కరెంటు పోగానే యూపీఎస్‌తో సహా అన్నీ ఆగిపోతుంటే కారణం చాలాసార్లు అదే.

కృష్ణాతీరం:
అలాగే చేస్తాను. బోర్డు పేజీ చూశాను, 5600కు మద్దతు ఉంది. మరి మూడు ఫ్యాన్ల కార్డు మా పాత కేబినెట్‌లో పడుతుందా?

సాల్డర్‌గన్:
కేబినెట్ వెనుక స్లాటు పట్టీ నుంచి ముందు ఫ్యాన్ లోపలి అంచు దాకా టేపుతో కొలిచి, కార్డు పేజీలో ఇచ్చిన పొడవుతో పోల్చండి, కనీసం రెండు సెంటీమీటర్లు మిగలాలి. బీ450 బోర్డుల్లో హార్డ్‌డిస్కు తీగలు తగిలించే సాటా కనెక్టర్లు కుడి అంచున పైకి చూస్తూ ఉంటే పొడవైన కార్డు సరిగ్గా వాటి మీదికి వస్తుంది, కాబట్టి ఆ తీగలు ముందే తగిలించి ఆ తరువాత కార్డు బిగించండి. చోటు చాలకపోతే రెండు ఫ్యాన్ల మోడల్ తీసుకోండి, 160 వాట్ల కార్డుకు మూడో ఫ్యాన్ అవసరం పెద్దగా లేదు. మానిటర్ తీగను మాత్రం కార్డు వెనుకనే పెట్టండి. 5600లో అంతర్గత గ్రాఫిక్స్ లేవు కనుక బోర్డు హెచ్‌డీఎంఐలో పెడితే ఏమీ రాదు.