‘ఈస్టర్న్ ఘాట్స్’ అంటే కొండలా, కొండ దారులా?

చిత్తూరు_మ్యాపు: బడి మ్యాపులో శేషాచలాన్ని ‘ఈస్టర్న్ ఘాట్స్’లో చూపిస్తారు. తిరుమలకు పోయే రోడ్డేమో ‘ఘాట్ రోడ్డు’. కొండకూ దారికీ ఒకే మాటేంది? కొండలకు వాడటం తప్పని నా వాదన.

మొగిలి_మలుపు: పుట్టుక చూస్తే మీ మాటే నిజమన్నా. సంస్కృతంలో ‘ఘట్ట’, హిందీ, మరాఠీల్లో ‘ఘాట్’. నీళ్లలోకి దిగే మెట్లు, పడవల రేవు, కొండ దిగే దారి: అన్నీ దిగే చోట్లే. పీఠభూమి నుంచి తీరానికి దిగే దారుల పేరును యూరోపియన్లు ఆ కొండలకే తగిలించారు. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో రేవు, దారి, కొండల వరుస ఈ క్రమంలోనే ఉన్నాయి. ఆర్కాటు నవాబుల కాలంలో నాటి కర్ణాటక ప్రాంతాన్ని (ఇంగ్లీషు రాతల్లో ‘కర్నాటిక్’, నేటి రాష్ట్రం కాదు) పాయన్‌ఘాట్, బాలాఘాట్ అని విడదీశారు, అంటే ఘాట్లకు దిగువ, ఎగువ. ఆ తేడా నేల మీద చూడాలంటే చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరితే చాలు.

గట్టుమీద: మన ‘గట్టు’ నుంచే ఎందుకు రాకూడదు? చెరువు కట్టనూ గట్టే అంటాం, కొండనూ గట్టే అంటాం.

మొగిలి_మలుపు: ఉచ్చారణ దగ్గరగా ఉన్నంత మాత్రాన మూలం తేలదు సార్. పైగా ఇంగ్లీషు తీసుకున్నది ‘ఘాట్’ను.

పాకాల_జంక్షన్: వాడుకలో స్థిరపడిన పేరును తప్పనడం నాకు ఒప్పుదల కాదు. తెలుగులో మనమూ అదే చేశాం. కనుమ అంటే కొండల మధ్య సందు. 1740లో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ మరాఠాల చేతిలో చనిపోయింది దామలచెరువు కనుమలోనే. అయినా మొత్తం వరుసను ‘తూర్పు కనుమలు’ అంటున్నాం. నిజానికి ‘కనుమలు’ అన్న పేరు పడమటి వరుసకే ఎక్కువ నప్పుతుంది. అక్కడ గోడలా నిలిచిన కొండల్లో థాల్ ఘాట్, భోర్ ఘాట్ లాంటి దారులున్నాయి. తూర్పున గోదావరి, కృష్ణ, పెన్న కోసేసి, వరుస తెగిపోయింది.

చిక్కంతా అనువాదంలో. పాత ఇంగ్లీషు రాతల్లో ‘ఘాట్’ ముందు ఊరి పేరుంటే దారి అనుకోండి. దిక్కు పేరుతో బహువచనంలో ఉంటే కొండలు. ఘాట్స్ పాదం దగ్గరున్న ఊరిని ‘కనుమల అడుగున’ అని రాస్తే, ఊరు లోయలో ఉందని చదివేవాళ్లు పొరబడతారు. ‘కొండల కింద’ అనాలి. ఘాట్ దాటిన సైన్యానికి మాత్రం ‘కనుమ దాటి’ అన్నదే సరి.

చిత్తూరు_మ్యాపు: పేరు మార్చమని నేనూ అనను. కానీ మ్యాపులో నల్లమల, వెలికొండ, శేషాచలం పేర్లు పెద్దక్షరాల్లో రావాలి. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు, బాకరాపేట ఘాట్ దారులుగా విడిగా కనపడాలి. రెండింటికీ ఒకే రంగు వేస్తే పిల్లలకు ఏది కొండో ఏది దారో తెలీదు.