కొత్తవాళ్ల కంప్యూటర్లో లినక్స్: విండోస్ తీసేయాలా, పక్కన ఉంచాలా?

తెనాలి కుర్రోడు:
నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన ల్యాప్‌టాప్ ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, పాత రకం హార్డ్ డిస్క్. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఈ ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. ఆయన వాడేదల్లా యూట్యూబ్, ఫేస్‌బుక్, బ్యాంకు సైటు. వ్యాసాలు టైపు చేసి ప్రింటు తీసుకుంటారు. విండోస్ బదులు వాడుకునే ఉచిత లినక్స్ సిస్టమ్ మింట్ వేద్దామని ఉంది. బావేమో డ్యూయల్ బూట్ పెట్టమంటున్నాడు, అంటే రెండూ ఉంచి ఆన్ చేసేటప్పుడు ఒకటి ఎంచుకోవడం. మొత్తం తుడిచేసి మింట్ ఒక్కటే వేస్తే పీడా పోతుందని నేనంటున్నాను. మీరేమంటారు?

పెంగ్విన్ బాబాయ్:
తుడిచెయ్ బాబూ, ఆలోచించకు. డ్యూయల్ బూట్ పెట్టిన కొత్తవాళ్లు చేసేది ఒకటే. ఏదైనా కొంచెం తేడాగా కనపడగానే రీస్టార్ట్ కొట్టి విండోస్‌లోకి వెళ్లిపోతారు. ఇక మింట్ ముఖం చూడరు. దానికి తోడు చిల్లర తలనొప్పులు. విండోస్‌ని పూర్తిగా ఆగనివ్వకుండా సగం నిద్రలో ఉంచే ఫాస్ట్ స్టార్టప్ ఆపకపోతే ఆ డ్రైవ్‌లో మింట్ నుంచి ఏమీ రాయనివ్వదు. గడియారం సంగతి సరేసరి: మింట్‌లో పనిచేసి విండోస్‌లోకి వెళితే టైము ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తుంది, ఎందుకంటే మదర్‌బోర్డు గడియారాన్ని మింట్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది, విండోస్ మన టైము అనుకుంటుంది. సరిచేయడం తేలికే, కానీ మాస్టారికి ఇవన్నీ ఎందుకు?

కంపోజింగ్ సీత:
బాబాయ్ గారూ, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా తుడిచేయమంటే ఎలాగండీ? మాస్టారు వ్యాసాలు దేంట్లో కొడతారు? ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్‌లోనా, డీటీపీవాళ్లు వాడే అను ఫాంట్లలోనా?

తెనాలి కుర్రోడు:
అనులోనేనండీ. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఫైళ్లు ఫోల్డర్ల కొద్దీ ఉన్నాయి. ఆయన రాసే చిన్న పత్రికవాళ్లు కూడా అలాగే పంపమంటారు.

కంపోజింగ్ సీత:
అదీ సంగతి. డీటీపీ సెంటర్లో పనిచేసిన ఎవరినడిగినా ఇదే చెప్తారు. అనులో కొట్టిన అక్షరం నిజానికి తెలుగు అక్షరం కాదు, ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌కి తెలుగు బొమ్మ తగిలించినది. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే పిచ్చి గీతలు తప్ప ఏమీ కనపడవు. అను, పేజ్‌మేకర్ రెండింటికీ లినక్స్ వెర్షన్ లేదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కాదనను. మార్చాక ప్రతి పేజీ ప్రూఫు చూడాల్సిందే, వత్తులూ అరసున్నలూ ఎక్కడ ఎగిరిపోయాయో తెలియదు. ఏళ్ల తరబడి రాసుకున్నది ఒక్క పూటలో పోగొట్టకండి. విండోస్ ఉండాలి.

పెంగ్విన్ బాబాయ్:
పాత ఫైళ్ల కోసమైతే ఒప్పుకుంటానమ్మా. కానీ కొత్తగా రాసేవైనా యూనికోడ్‌లో రాయొచ్చుగా? మింట్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు సిద్ధంగా ఉంటుంది. టైపింగ్ భాషలు మార్చే ఐబస్‌లో ఎం17ఎన్ అనే అదనపు భాగం పెట్టుకుంటే ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకోవచ్చు.

కంపోజింగ్ సీత:
వేళ్లకి అలవాటైన కీబోర్డు ఆ వయసులో మార్చుకోమనడం మాటలు కాదండీ. అసలు మాస్టారిని ఎవరైనా అడిగారా?

విజయనగరం విండోస్:
ఇంత హడావిడి దేనికి? ఇళ్లలో వాడే విండోస్ 10కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా తీసుకునే వీలుంది కదా. ఆ పొడిగింపు పథకంలో చేరండి, చాలు.

పెంగ్విన్ బాబాయ్:
ఆ తర్వాత?

స్క్రూడ్రైవర్ అన్న:
మీరిద్దరూ ఒకే డిస్కును పంచుకోవడం గురించి కొట్టుకుంటున్నారు. అంత పాత హార్డ్ డిస్కు మీద ఏ లినక్స్ వేసినా నత్తనడకే. తమ్ముడూ, 240 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్కు కన్నా వేగంగా నడిచే డిస్కు) ఒకటి కొను. ల్యాప్‌టాప్ వెనక మూత విప్పి పాత డిస్కు బయటికి తియ్, దాని చోట ఎస్ఎస్‌డీ పెట్టు, మింట్‌లో తేలిక రకమైన ఎక్స్‌ఎఫ్‌సీఈ దాంట్లో వెయ్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డిస్కు మాత్రం లోపల ఉండకూడదు. ఉంటే ఇన్‌స్టాలర్ ఒక్కోసారి తన బూట్ ఫైళ్లు తీసుకెళ్లి విండోస్ డిస్కులోనే పెడుతుంది, రేపు దాన్ని తీసేస్తే మింట్ కూడా లేవదు. అంతా అయ్యాక డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ ఖాళీలో క్యాడీ (డిస్కు బిగించే చట్రం) పెట్టి పాత డిస్కు అందులో బిగించు. క్యాడీ కొనేముందు 9.5 మిల్లీమీటర్లదా 12.7దా కొలుచుకో. అను కావాలంటే ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ మీట నొక్కి విండోస్ డిస్కు ఎంచుకుంటే సరి. ఆ మీట డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. విండోస్ జోలికి ఎవరూ పోలేదు, పార్టిషన్ (డిస్కులో విండోస్ ఉన్న భాగం) కుదించే టెన్షన్ కూడా లేదు. కాకపోతే ముందు పాత డిస్కులోది మొత్తం ఇంకో చోట కాపీ పెట్టుకో. దాని వయసు కూడా తక్కువేం కాదు.

పెంగ్విన్ బాబాయ్:
ఇది బాగుంది. ఆన్ చేయగానే వచ్చేది మింటే కాబట్టి నా గొడవ కూడా తీరింది. ఒక షరతు: ఆ విండోస్‌లో వైఫై ఆపేయండి. అనుకి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని మింట్ నుంచి మెయిల్ చేయమనండి.

విజయనగరం విండోస్:
ఒక వ్యాసం పంపడానికి రెండు సిస్టమ్‌లూ ఒక పెన్‌డ్రైవా? మాస్టారి మీద ప్రయోగాలు చేస్తున్నారు మీరంతా. రేపు ప్రింటర్ కదలకపోతే ఆయన ఫోన్ చేసేది బాబాయ్‌కి కాదు, కొడుక్కి. బాబూ, నువ్వు ఉండేది తెనాల్లోనేనా?

తెనాలి కుర్రోడు:
కాదండీ, బెంగళూరు. పండగలకే వెళ్తాను. ప్రింటర్ హెచ్‌పీ లేజర్‌జెట్ 1020.

స్క్రూడ్రైవర్ అన్న:
అది ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే దానికి ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ని నడిపే ప్రోగ్రామ్) పంపాలి. మింట్‌లో హెచ్‌పీ ప్రింటర్లు నడిపే హెచ్‌పీలిప్ ఉంటుంది కానీ ఈ మోడల్‌కి అదనంగా ఒక ప్లగిన్ దించుకోవాలి, అది లేకపోతే ప్రింటు రాదు. ఏమీ ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి మింట్ లైవ్‌లో లేపి, ప్లగిన్ వేసి, ఒక పేజీ తీసి చూడు. దూరం నుంచి ఆయన కంప్యూటర్ నడపడానికి ఎనీడెస్క్ కూడా అప్పుడే పరీక్షించు.

తెనాలి కుర్రోడు:
నాన్నగారిని ఫోన్‌లో అడిగాను. "అను ఉంటే నాకేదైనా ఒకటే, పాటలు మాత్రం ఆగకూడదు" అన్నారు. ఇక్కడ నా దగ్గర మా బావ పాత ల్యాప్‌టాప్ ఉంది, ముందు దాంట్లో మింట్ లైవ్ లేపి చూశాను. అన్నీ బాగున్నాయి, వైఫై మాత్రం అసలు కనిపించడం లేదు. వైఫై చిప్ బ్రాడ్‌కామ్ కంపెనీదని చూపిస్తోంది. నాన్నగారి దాంట్లో కూడా ఇలాగే అయితే?

పెంగ్విన్ బాబాయ్:
ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్, నెట్ వస్తుంది. తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరిస్తే బ్రాడ్‌కామ్ డ్రైవర్ అదే చూపిస్తుంది. దాన్ని ఎంచుకుని ఇన్‌స్టాల్ కొట్టు. సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ని ఆపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే మధ్యలో పాస్‌వర్డ్ ఒకటి పెట్టమంటుంది, రీస్టార్ట్ అయ్యాక నీలం తెర వచ్చి అదే అడుగుతుంది. కాగితం మీద రాసిపెట్టుకో.

విజయనగరం విండోస్:
చూశారా, మొదలైంది. నేనైతే ఇప్పటికీ విండోస్ 10 కదపొద్దనే అంటాను.

కంపోజింగ్ సీత:
కదపడం లేదుగా అండీ, క్యాడీలో భద్రంగా ఉంటుంది. బాబూ, ఎస్ఎస్‌డీ కొనేముందు లైవ్‌లో ప్రింటు వచ్చిందో లేదో ఇక్కడ చెప్పండి. మా సెంటర్లో ఉన్నది కూడా అదే 1020.