కన్నెనా, కన్నేనా?

గళ్ళపలక
"… తీస్తే ఎటు చూసినా కన్నే." పాత గళ్ళ నుడికట్టులో (క్రాస్‌వర్డ్‌లో) అడ్డం ఆధారం ఇది. మొదటి మాట జారిపోయింది. చివర బ్రాకెట్లో 3 (జవాబులో అక్షరాల లెక్క) ఉన్నట్టు గుర్తు, గట్టిగా చెప్పలేను. జవాబు "నయన" అనుకుంటున్నాను. కానీ ఏం తీస్తే? ఎవరికైనా తడుతోందా?

అరసున్న
నలుసు! "నలుసు తీస్తే ఎటు చూసినా కన్నే (3)". కన్ను అంటే నయనం. మూడో గడిలో "నం" ఉంది, ఆ పక్కనున్న సున్నే నలుసు. అది తీసేస్తే న-య-న, ముందు నుంచీ వెనక నుంచీ ఒకటే. సున్నను చుక్క, బొట్టు, పూస అనడం కూర్పరులకు అలవాటే. కంటికి సంబంధించిన ఆధారంలో నలుసు కంటే మంచి మాట దొరకదు.

పొల్లు
కిటుకు బాగుంది, జవాబే బాగాలేదు. తెలుగులో "నయన" అని విడిగా నిలబడే మాట ఏది? నయనము, నయనంబు, నయనమ్ము, వాడుకలో నయనం. నిఘంటువు తెరిస్తే ఆరోపం (తలమాట) "నయనము". ఒట్టి నయన సమాసంలోనే బతుకుతుంది: నయనమనోహరం, నయనానందం. డు, ము, వు లాంటి డుమువులు చేరని ఒట్టి ప్రాతిపదికను గడుల్లో నింపమంటే రేపు "వన", "ధన", "జల" అన్నీ జవాబులైపోతాయి. పోనీ నాలుగు గడులిచ్చి నయనము రాయిస్తే, తిరగేసినప్పుడు ము-న-య-న వస్తుంది. అందుకే మనకు ఈ రకం ఆధారాలు తక్కువ. "ముఖము" ఎటు చదివినా ముఖమే, "ముఖం" కాదు. కునుకు, పులుపు, నటన, మడమ నిఖార్సైనవి. కిటికీ చూడ్డానికి అలాగే ఉంటుంది, చివరి దీర్ఘం చెడగొడుతుంది.

ముక్కెర
మీరిద్దరూ "కన్నే" అని ముందే ఒప్పేసుకున్నారు. అచ్చులో ఎత్వం ఏత్వంగా కనబడటానికి కాస్త సిరా అలుక్కుంటే చాలు. "ముసుగు తీస్తే ఎటు చూసినా కన్నె" అని చదివి చూడండి. అప్పుడు కంటితో పనే లేదు. జలజ, నళిన, నవీన, కనక, సరస, అందరూ ఎటు నుంచి చూసినా కన్నెలే.

అరసున్న
పేరున్న మనిషిని ఒట్టి "కన్నె" అని నిర్వచించడం అన్యాయం ముక్కెర గారూ. జలజ కన్నె కావచ్చు, కన్నె అనగానే జలజ ఎందుకు కావాలి? కనీసం "ఒక కన్నె" అనో "ఈమె" అనో ఉండాలి. పైగా మీరు చెప్పిన అయిదుగురూ ఒకే గడుల్లో పడతారు. అడ్డంగా వచ్చే అక్షరాలు లేకుండా ఎవరో ఒకరిని ఖాయం చేయలేని ఆధారం, ఆధారం కాదు. కన్నేలో ఏత్వానికి పని ఉంది: ఎటు తిప్పినా *అదే* అని నొక్కి చెప్పే అవధారణ. కిటుకును చూపిస్తున్నది ఆ ఒక్క ఏత్వమే. దాన్ని తీసేస్తే ఏమీ మిగలదు.

గళ్ళపలక
"ముసుగు" అన్నది చెవికి తెలిసిన మాటలా ఉంది. నలుసు అలా అనిపించలేదు, క్షమించాలి.

నిలువు ఏడు
అయితే రెండూ ఉన్నాయేమో చూడండి. "కన్నె ముసుగు తీస్తే ఎటు చూసినా కన్నే (4)". జవాబు సునయన. నిర్వచనం మొదటి మాట: కన్నె. ముసుగు అంటే పైన కప్పుకున్నది, అంటే తొలి అక్షరం "సు". అది తీస్తే నయన, ఎటు చూసినా కన్నే. ఆధారం మొదట్లో ఎత్వం, చివర్లో ఏత్వం. గుర్తులో రెండూ కలిసిపోయి ఒకటే మిగిలింది. పొల్లు గారి అభ్యంతరానికీ ఇదే సమాధానం. సునయనా అన్న ఆకారాంత స్త్రీలింగం తెలుగులో హ్రస్వమై "సునయన" అవుతుంది, సీత, లత లాగా. ముకారం అక్కర్లేదు.

పొల్లు
జవాబు వరకు ఒప్పుకుంటాను, చక్కగా ఉంది. కిటుకులో ఒట్టి నయన మిగిలిపోయిందన్నది ఇంకా నలుగుతోంది గానీ, తీసివేతలో మిగిలే ముక్కకు అంత శాసనం పెట్టను. నా పేచీ "ముసుగు" మీద. తల తీస్తే అంటే మొదటి అక్షరం, తోక తెగితే చివరిది, గుండె జారితే నడిమిది. ముసుగు, తొక్క, గట్లు అంటే రెండు వైపులా పోవాలి. సునయనకు ఒక వైపే పోయింది.

అరసున్న
రెండు వైపులా అంటారా! అయితే సునయనము (5). అటు సు, ఇటు ము, రెండూ తీస్తే నయన. పైగా "ముసుగు" మాటలోనే ము, సు ఉన్నాయి. ఏం తీయాలో ఆ మాటే చెబుతోంది.

పొల్లు
మరి "గు" సంగతేమిటండీ? ముసుగులో మూడక్షరాలు, మీరు రెండిటికే లెక్క చెప్పారు. మిగిలిన అక్షరం ఏ పనీ చేయకపోతే ఆ కిటుకు కూర్పరిది కాదు, మనది.

అంచుల్లో పని ఎలా ఉండాలో చూడాలంటే పాత శ్లోకం ఉంది:

సీమంతినీషు కా శాంతా
రాజా కోఽభూత్ గుణోత్తమః
విద్వద్భిః కా సదా వంద్యా
అత్రైవోక్తం న బుధ్యతే

స్త్రీలలో శాంతమూర్తి ఎవరు, గుణాల్లో మేటి రాజెవరు, పండితులు ఎప్పుడూ మొక్కేది దేనికి? పాదం మొదటి అక్షరం, చివరి అక్షరం కలపండి: సీ-తా, రా-మః, వి-ద్యా. విసర్గతో సహా సరిపోయింది, ఒక్క గుర్తు వృథా కాలేదు. "ఇక్కడే చెప్పాను, తెలియడం లేదు" అని నాలుగో పాదం చెప్పేది అక్షరాలా నిజం. జవాబును తనలోనే దాచుకున్న పొడుపు, అంతర్లాపిక అంటే అది. సంస్కృత ఆలంకారికుడు దండి కావ్యాదర్శంలో ప్రహేళికలు (పొడుపులు) 16 రకాలుగా విడదీశాడు. శ్రీశ్రీ తన గళ్ళకు పదబంధ ప్రహేళిక అని పేరు పెట్టుకున్నాడంటే ఈ దారి తెలిసే.

ముక్కెర
ఎటు చూసినా ఒకటే అన్నాక తిమ్మనను తలచుకోకపోతే ఎలా? పారిజాతాపహరణంలో పాదభ్రమక కందం:

ధీరశయనీయశరధీ
మారవిభానుమతమమతమనుభావిరమా
సారసవననవసరసా
దారదసమతారతారతామసదరదా

ఏ పాదానికాపాదం వెనక నుంచి చదవండి. ధీ-ర-శ-య-నీ అని వెళ్ళి య-శ-ర-ధీ అని వెనక్కి వస్తుంది. అందరూ మెచ్చుకునేది ఇంతవరకే. అసలు కష్టం కందంలో ఉంది. రెండు, నాలుగు పాదాల చివర గురువు (రెండు మాత్రల అక్షరం) ఉండాలి. తిరగబడే పాదం కాబట్టి మొదటి అక్షరమూ గురువే కావాలి. ప్రాసకు ముందున్న మొదటి అక్షరం ఒక పాదంలో గురువైతే అన్నిటా గురువే. అందుకే ధీ, మా, సా, దా. ప్రాసాక్షరం, అంటే పాదంలో రెండో అక్షరం, రేఫ (ర), కనుక చివరి నుంచి రెండోదీ రేఫే: శరధీ, విరమా, సరసా, దరదా. పైగా ప్రతి రెండు పాదాల జంటలో ఆరో గణం నలమో (నాలుగు లఘువులు) జగణమో (లఘువు, గురువు, లఘువు) కావాలి: రెండో పాదంలో "తమమత", నాలుగులో "రతార". తప్పించుకునే సందు ఎక్కడా లేదు.

ఇంకోటి గమనించండి. పద్యం మొత్తంలో ఒక్క సున్న లేదు, ఒక్క సంయుక్తాక్షరం లేదు. అన్నీ సమాసాలు, సంబోధనలు, కనుక ముకారాల బెడదా లేదు. పొల్లు గారు ఇందాక చెప్పిన ఇబ్బంది తిమ్మనకు బాగా తెలుసు.

నిలువు ఏడు
సూరన కళాపూర్ణోదయంలో ముందు నుంచి తెలుగు, వెనక నుంచి సంస్కృతం వచ్చే కందం ఉంది కదా. అది ఇంకో మెట్టు పైన.

ముక్కెర
అది వేరే విద్య. అక్కడ వెనక్కి వచ్చేది వేరే మాట, పలక తిరగేస్తే కలప వచ్చినట్టు. ఇక్కడ వెళ్ళిన దారినే రావాలి. రెండిటికీ మెట్లు కట్టకండి.

గళ్ళపలక
ఒక ఆనవాలు దొరికింది. ఆ అడ్డం మీదుగా దిగే నిలువు జవాబు "నవల", దాని మొదటి అక్షరమే అడ్డంలో కలిసింది. ఆ ఆధారం "వలన చెదిరితే చదువుకోవచ్చు (3)" లాంటిది.

అరసున్న
"న" కలిస్తే ఏం తేలుతుంది? నయనలో ఒకటి, మూడు గడులు న. సునయనలో రెండు, నాలుగు. నళిన, నవీన కూడా న తోనే మొదలు. జలజ, కనక, సరస మాత్రం పోయినట్టే.

ముక్కెర
కనక పోలేదు, నడిమి అక్షరం న.

పొల్లు
"వలన చెదిరితే" కూడా వదులుగానే ఉంది. మూడక్షరాలను చెదరగొడితే ఇంకో అయిదు రకాలుగా పేరుస్తాం. ఇక్కడ జరిగింది చివరి "న" ముందుకు రావడం, అంతే. "వలన తోక తలకెక్కితే" అంటే దారి ఒక్కటే ఉంటుంది.

నిలువు ఏడు
అసలు చెదరగొట్టడం ఎందుకు? "మన వలసలో దాగిన పెద్ద కథ (3)". మ, తర్వాత న-వ-ల, ఆపైన స. అక్షరం కదపక్కర్లేదు.

పొల్లు
"మన"లో "మ" మిగిలింది, "వలసలో"లో "సలో" మిగిలింది. దాపరికంలో రెండు వైపులా మిగలడమే మర్యాద, అది ఒప్పే. కానీ "పెద్ద కథ" అంటే నవలేనా, పురాణమూ కావచ్చు కదా?